కార్పొరేషన్ బడికి టీవీయా, టచ్ ప్యానెలా, ట్యాబ్‌లా? చెన్నైలోని తెలుగు తల్లిదండ్రులకు, టీచర్లకు, దాతలకు ఎంపిక సలహా

చెన్నైలో మన తెలుగు సంఘాలవాళ్ళో, పూర్వ విద్యార్థులో, తల్లిదండ్రులో కార్పొరేషన్ బడికి ఏదైనా చేద్దామని కూర్చుంటే మొదట వచ్చే మాట "స్మార్ట్ బోర్డు కొనిద్దాం" అని. మంచి మనసుతో అనే మాటే అది. ఏ పీరియడ్‌లో, ఏ పాఠానికి, ఎవరు వాడతారన్న ప్రశ్న మాత్రం చాలాసార్లు వస్తువు గోడకెక్కాకే వస్తుంది. అప్పటికి డబ్బు అయిపోయి ఉంటుంది.

వాషర్‌మెన్‌పేట, కొరుక్కుపేట, వ్యాసర్పాడి, రాయపురం వైపు బడుల్లో ఇలాంటి నిర్ణయం తీసుకోవాల్సినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీరు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ఉన్న తల్లి కావచ్చు, హెచ్.ఎం. కావచ్చు, చదువుకున్న బడికి ఏదైనా ఇవ్వాలనుకునే పూర్వ విద్యార్థి కావచ్చు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ఈ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళుండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది కూడా ఆ కమిటీయే. కాబట్టి అక్కడ మీ మాటకు చట్టబద్ధమైన విలువ ఉంది. మొహమాటపడకుండా అడగండి.

## ముందు తేల్చుకోవాల్సినవి

పాఠం ఎక్కడ ఆగుతోంది? అయిదో తరగతి పిల్లలు భిన్నాల దగ్గర ఆగిపోతున్నారా? మూడో తరగతివాళ్ళకు తెలుగు చదవడం కూడబలుక్కోవడం దగ్గరే ఉందా? ఎనిమిదో తరగతికి సైన్సు ప్రయోగాలు చూపించే ల్యాబ్ లేదా? ఒక్కోదానికి పనికొచ్చే వస్తువు వేరు. టీచర్లను కూర్చోబెట్టి మూడు పాఠాల పేర్లు రాయించండి. పేర్లు రాయలేకపోతే కొనడం ఈ ఏటికి ఆపండి.

పాఠం ఏ భాషలో దొరుకుతుంది, ఏ సిలబస్‌లో దొరుకుతుంది? ఆంధ్ర, తెలంగాణ బడులకు లేని చిక్కు ఇది. మన పిల్లలు చదివేది తమిళనాడు ప్రభుత్వ సిలబస్ అయిన సమచ్చీర్ కల్వి పుస్తకాల తెలుగు అనువాదం. నెట్‌లో దొరికే తెలుగు పాఠాలు ఎక్కువగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సిలబస్‌లవి. మన సిలబస్‌కు సరిపోయే పాఠాలు, అంటే 2019లో మొదలైన ప్రభుత్వ విద్యా టీవీ చానెల్ కల్వి తొలైక్కాట్చిలోవీ, రాష్ట్ర ప్రభుత్వపు మణర్కేణి యాప్‌లోవీ, ఎక్కువగా తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. లెక్కలు, సైన్సు ఎలాగోలా సర్దుకుంటాయి, భావన ఒకటే కదా, వరుస మాత్రమే మారుతుంది. సోషల్ దగ్గరికొచ్చేసరికి అస్సలు కుదరదు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను కమిటీ సమావేశంలోనే ఫోనుతో స్కాన్ చేసి చూడండి, ఏ భాషలో తెరుచుకుంటుందో మీకే తెలుస్తుంది.

దీనివల్ల నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. మన బడులకు తనంతట తాను పిల్లలకు పాఠం చెప్పే వస్తువుకన్నా, టీచరు చేతిలో ఉండి టీచరు చెప్పినట్టు నడిచేదే నయం. తమిళ వీడియోలో గుండె బొమ్మ బాగుంటే, శబ్దం ఆపేసి, బొమ్మను నిలిపి, టీచరమ్మే తెలుగులో చెప్పగలగాలి. ఈ ఒక్క పరీక్షకు నిలవని వస్తువులు చాలానే ఉన్నాయి.

పాడైతే ఎవరొస్తారు? వారంటీ కాగితం మీద "ఆన్‌సైట్" అని ఉందా, ఎన్నేళ్ళు, చెన్నైలో సర్వీసు ఉందా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. వారంటీ దాటాక రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో బాగుచేసే వస్తువా, కంపెనీవాడు తప్ప ఇంకెవరూ ముట్టుకోలేని వస్తువా అన్నది కూడా చూడాలి.

గది, కరెంటు, నీళ్ళు. ఉత్తర చెన్నైలో నీళ్ళ సంగతి మరిచిపోకూడదు. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నీళ్ళు చేరే వీధిలో బడి ఉంటే కంప్యూటర్లు, ఇన్వర్టర్ బ్యాటరీలు మేడ మీదే ఉండాలి. మేడ లేకపోతే అన్నీ గోడకు ఎత్తున బిగించాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న బడుల్లో ఉప్పుగాలికి ప్లగ్గులు, పోర్టులు త్వరగా తుప్పు పడతాయి, కవరు తప్పనిసరి.

పిల్లల వివరాలు ఎవరి చేతికి పోతాయి? పిల్లవాడి పేరు, ఫోటో, తల్లిదండ్రుల నంబరు అడిగే యాప్ ఏదైనా ఉచితంగా వచ్చినా ఆలోచించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. లాగిన్ లేకుండా నడిచేవి బోలెడున్నాయి, వాటితో మొదలుపెట్టండి.

ఇంకొక్కటి. ప్రభుత్వం ఇప్పటికే ఇచ్చినవి, ఇవ్వబోతున్నవి ఏమిటో హెచ్.ఎం.ను అడగండి. హైటెక్ ల్యాబ్‌లు (కంప్యూటర్ గదులు), స్మార్ట్ తరగతి గదులు, ప్రాథమిక టీచర్లకు ట్యాబ్‌లు ఈ మధ్య చాలా బడులకు వచ్చాయి. ఉన్నదే మళ్ళీ కొనడంకన్నా ఉన్నదాన్ని నడిపించడానికి ఇచ్చిన డబ్బు ఎక్కువ పనిచేస్తుంది.

## ఒక్క చూపులో

| | టీచరు పట్టు | తెలుగు పాఠానికి వీలు | కరెంటు, నెట్ | పాడైతే | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|---|
| మామూలు పెద్ద టీవీ, ల్యాప్‌టాప్ | పూర్తిగా | చాలా బాగుంటుంది | తక్కువ కరెంటు, నెట్ లేకున్నా సరే | ఎక్కడైనా రిపేరు | చాలా బడులకు |
| టచ్ ప్యానెల్ | శిక్షణ ఉంటే పూర్తిగా | బాగుంటుంది | కాస్త ఎక్కువ కరెంటు | కంపెనీ మీదే ఆధారం | ఆసక్తి ఉన్న టీచర్లున్న హైస్కూలుకు |
| ప్రొజెక్టర్ | పూర్తిగా | బాగుంటుంది | గది చీకటి కావాలి | ల్యాంపు ఖర్చు | హాలుకు, సభలకు |
| ట్యాబ్‌లు | తక్కువ | యాప్‌ను బట్టి | రోజూ చార్జింగ్ | స్క్రీన్లు, బ్యాటరీలు | ఒకే టీచరుకు రెండు మూడు తరగతులున్నచోట |
| కంప్యూటర్ గది | మధ్యస్థం | మధ్యస్థం | అన్నిటికన్నా ఎక్కువ | మనిషి కావాలి | ఆరు నుంచి పై తరగతులకు |

## మామూలు టీవీ, టీచరు ల్యాప్‌టాప్

దీన్ని చూస్తే ఎవరికీ గొప్పగా అనిపించదు, ఫోటోలో బాగా రాదు. అయినా డబ్బు తక్కువగా ఉన్నప్పుడు నేను మొదట సిఫారసు చేసేది ఇదే. మంచి కంపెనీ 75 అంగుళాల టచ్ ప్యానెల్ ఒక్కటి కొనే డబ్బుతో రెండు గదులకు మామూలు టీవీలు పెట్టొచ్చు. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ల్యాప్‌టాప్ తగిలిస్తే చాలు, ప్రత్యేకంగా నేర్చుకోవాల్సింది లేదు.

దీనికి తోడుగా తప్పక కొనాల్సింది ఒక ఫోను స్టాండు, ఫోనును టీవీకి కలిపే కేబుల్. స్టాండుకు ఫోను కిందికి చూసేలా తగిలించి, దాని కింద పిల్ల రాసిన నోట్‌బుక్ పెడితే, ఆ పేజీ తరగతి మొత్తానికీ తెర మీద కనిపిస్తుంది. ఒకమ్మాయి 1/3, 1/4 కూడి 2/7 అని రాసిందనుకోండి. టీచరు పేరు చెప్పకుండా ఆ లెక్కను తెర మీద పెట్టి "ఇది చూడండర్రా, సగంకన్నా ఎక్కువ వచ్చిందా, తక్కువ వచ్చిందా? 1/3 కన్నా చిన్నదెలా అయింది?" అని అడిగితే, ముప్పైమంది ఒకేసారి ఒకే తప్పు దగ్గర ఆలోచిస్తారు. ఏ ఖరీదైన సాఫ్ట్‌వేరూ ఇంత సూటిగా ఈ పని చెయ్యదు. పైగా ఇందులో సిలబస్ గొడవా లేదు, భాష గొడవా లేదు, నెట్ అవసరమూ లేదు.

సైజు విషయంలో జాగ్రత్త. వెనక బెంచీ దూరం తెర ఎత్తుకు ఆరు రెట్లు దాటకపోతే అక్షరాలు హాయిగా చదవొచ్చని ఒక మోటు లెక్క. 55 అంగుళాల టీవీ ఎత్తు దాదాపు 68 సెంటీమీటర్లు, అంటే నాలుగు మీటర్ల వరకే. 75 అంగుళాలదైతే అయిదున్నర మీటర్ల వరకు. మన అక్షరాలకు ఈ లెక్క ఇంకా బిగువు, ఎందుకంటే ఒత్తులు చిన్నవి. కొనేముందు "రాష్ట్రం", "వస్త్రం", "లక్ష్మి" అని పాఠ్యపుస్తకం పీడీఎఫ్‌లో ఉన్న సైజులోనే చూపించి, వెనక బెంచీలోని పిల్లవాడిని చదవమనండి. ఒత్తు తడుముకుంటే పెద్ద తెరైనా కావాలి, బెంచీలైనా ముందుకు జరగాలి.

## టచ్ ప్యానెల్

స్మార్ట్ బోర్డు అని మనం అనేది దీన్నే. వేలితో రాయొచ్చు, బొమ్మను జరపొచ్చు, రాసింది దాచుకోవచ్చు. జ్యామితి చెప్పే టీచరు చేతిలో ఇది నిజంగా అందమైన పనిముట్టు. కొలరాడో విశ్వవిద్యాలయంవాళ్ళు చేసిన, తెర మీదే చేసి చూసే ఫెట్ (PhET) ప్రయోగాలు ఉచితం, నెట్ లేకుండా కూడా నడుస్తాయి, కొన్నింటికి తెలుగు రూపమూ ఉంది. విద్యుత్ వలయంలో ఒక బల్బు తీసేస్తే మిగతావి ఏమవుతాయో పిల్లవాడే ముందుకొచ్చి వేలితో తీసి చూస్తాడు. ల్యాబ్ లేని బడికి ఇది పెద్ద వరం.

ఇబ్బందల్లా వాడే మనిషి దగ్గరే. బడిలో కనీసం ఇద్దరు టీచర్లు "మేము వాడతాం" అని ముందుకొస్తేనే కొనండి. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరికి బదిలీ అయిన రోజున ప్యానెల్ వీడియోలు చూపించే టీవీగా మిగిలిపోతుంది, మీరు రెట్టింపుకన్నా ఎక్కువ డబ్బు పెట్టి టీవీ కొన్నట్టవుతుంది. అమ్మేవాళ్ళు చూపించే పాఠాల ప్యాకేజీ తమిళనాడు సిలబస్‌కా, తెలుగులో ఉందా అని అడగండి. రెండింటికీ అవునంటే, మీ బడి ఏడో తరగతి సైన్సు పుస్తకం తెరిచి ఏదో ఒక పాఠం అక్కడికక్కడే చూపించమనండి. ఏటేటా చందా కట్టాల్సిన ప్యాకేజీ అయితే రెండో ఏడు ఎవరు కడతారో కూడా అప్పుడే తేలాలి.

మన తెలుగు టీచర్లకు ఇంకో చిక్కు ఉంది. ఏళ్ళ తరబడి పాతకాలపు అను ఫాంట్లలో టైపు చేయించుకున్న ప్రశ్నపత్రాలు, నోట్సు ఈ ప్యానెళ్ళలోనూ, ట్యాబ్‌లలోనూ తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. వాటిని కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ చేసి తెచ్చుకోవాలి. కొత్తగా చేసేవి ఏ యంత్రంలోనైనా తెరుచుకునే యూనికోడ్‌లో టైపు చేయించండి.

## ప్రొజెక్టర్

తరగతి గదికి వద్దనే అంటాను. బొమ్మ కనబడాలంటే కిటికీలు మూయాలి, చెన్నై ఉక్కలో కిటికీలు మూసిన గదిలో నలభైమంది పిల్లలు పీరియడంతా కూర్చోవడం న్యాయం కాదు. ల్యాంపు మార్చే ఖర్చు వేరే. ప్రార్థన హాల్లో, తల్లిదండ్రుల సభలో వాడటానికి ఒకటి ఉంటే చాలు.

## ట్యాబ్‌లు

దీని గురించి ఆశ, భయం రెండూ ఎక్కువే కాబట్టి కాస్త ఆగి మాట్లాడుకుందాం.

పరికరం చేతికిస్తే చదువు దానంతటదే వస్తుందా అంటే, రాదని పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. పెరూ దేశపు పల్లె బడుల్లో పిల్లవాడికొక ల్యాప్‌టాప్ ఇచ్చారు. 2012లో వచ్చిన అధ్యయనంలో గణితం, భాష మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరోవైపు వడోదర మున్సిపల్ బడుల్లో నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు, ఇద్దరికొక కంప్యూటర్ చొప్పున, స్థాయికి తగ్గ లెక్కల ఆటలు ఇస్తే గణితం మార్కులు స్పష్టంగా పెరిగాయి. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో బృందం 2007లో ప్రచురించిన పని అది. ఆ లాభంలో చాలా భాగం ఏడాది తిరిగేసరికి కరిగిపోయిందని కూడా వాళ్ళే రాశారు. గుజరాత్‌లోనే జరిగిన మరో అధ్యయనంలో కంప్యూటర్ పాఠం టీచరు పాఠానికి అదనంగా ఉన్నప్పుడు పిల్లలు ముందుకెళ్ళారు, టీచరు పాఠం బదులుగా పెట్టినప్పుడు వెనకబడ్డారు. నా దృష్టిలో ఇక్కడ మనం పట్టుకోవాల్సింది ఈ చివరిదే. ట్యాబ్ కోసం టీచరు పీరియడ్ తీసెయ్యకండి. సాయంత్రం బడి వదిలాక ఒక గంటో, టీచరు వేరే తరగతితో ఉన్నప్పుడో వాడండి.

అందుకే ట్యాబ్‌లు నిజంగా నప్పేది పిల్లలు తక్కువైన తెలుగు మీడియం ప్రాథమిక బడులకు. ఒకే టీచరు మూడు, నాలుగు, అయిదు తరగతులను ఒకే గదిలో చూసుకునే బడులు మనకున్నాయి. మూడో తరగతికి చదువు నేర్పిస్తున్నంతసేపూ అయిదో తరగతివాళ్ళు ఊరికే కూర్చోకుండా, ఇద్దరికొకటి చొప్పున ట్యాబ్ మీద లెక్కలు అభ్యాసం చేస్తే ఆ సమయం వృథా పోదు. ప్రథమ్ బుక్స్‌వాళ్ళ స్టోరీవీవర్‌లో స్థాయిలవారీగా తెలుగు కథలున్నాయి, దించుకుని నెట్ లేకుండా చదివించొచ్చు. ముప్పై అక్కర్లేదు, ఆరో ఎనిమిదో చాలు.

కొనేటప్పుడు ట్యాబ్ ధర ఒక్కటే లెక్కేసుకోకండి. దానికి రబ్బరు కవరు, తాళం వేసే అలమారా, అలమారాలోనే అన్నిటికీ కలిపి చార్జింగ్ పెట్టే ఏర్పాటు కావాలి. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు లెక్కపెట్టి, ప్లగ్గులు పెట్టి, తాళం వెయ్యాలి. ఆ ఎవరో ఒకరి పేరు ముందే రాసుకోండి. అది టీచరమ్మ నెత్తినే పడితే పొద్దున్న పావుగంట చార్జింగ్ సర్దడంలోనే పోతుంది, నెల తిరిగేసరికి ఆవిడ ట్యాబ్‌లను అలమారాలోంచి తియ్యడం మానేస్తుంది. మూడు నాలుగేళ్ళలో బ్యాటరీలు నీరసిస్తాయి, అప్పటికి మళ్ళీ డబ్బు కావాలి.

## కంప్యూటర్ గది

ఆరో తరగతి నుంచి పైవాళ్ళకు టైపింగు, స్ప్రెడ్‌షీటు, కోడింగు చేత్తో నేర్చుకోవడానికి కీబోర్డును మించింది లేదు. పాఠం చెప్పడానికైతే అంత గొప్పది కాదు. వారానికి ఒకటి రెండు పీరియడ్‌లు మాత్రమే దొరుకుతుంది, గది మారడంలోనే పది నిమిషాలు పోతాయి. బడిలో హైటెక్ ల్యాబ్ ఉంటే కొత్త గది వద్దు. ఉన్న యంత్రాల్లో ఎన్ని పనిచేస్తున్నాయో లెక్కేయించి, మౌసులు, కీబోర్డులు, యూపీఎస్ బ్యాటరీలు మార్పించండి. ఆ చిన్న ఖర్చుకు ప్రభుత్వ నిధి రావడానికి నెలలు పడుతుంది, దాత చెయ్యి అక్కడే పనికొస్తుంది.

నెట్ సరిగా లేనిచోట అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌లో కొలిబ్రీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించి, పాఠాలు అందులో నింపి పెట్టుకోవచ్చు. చుట్టుపక్కల ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు వైఫైతో దానికే కలుస్తాయి. కరెంటు చాలా తక్కువ తింటుంది. నింపడానికి, ఏటా సరిచూడటానికి ఓపికగల మనిషి ఒకరుండాలి. పూర్వ విద్యార్థుల్లో సాఫ్ట్‌వేరు ఉద్యోగులుంటారు కదా, డబ్బుకు బదులు ఈ పని అడగండి.

## మీరెవరైతే ఏది

పిల్లలు తక్కువ, టీచర్లు ఒకరిద్దరు ఉన్న తెలుగు మీడియం ప్రాథమిక బడైతే ఒక గదిలో టీవీ, ఫోను స్టాండు, ఆరేడు ట్యాబ్‌లు. 2006 చట్టం వచ్చాక మన పిల్లలకు తమిళం కూడా చిన్న తరగతుల నుంచే తప్పనిసరి అయింది, కాబట్టి ఆ టీవీలో వారానికి ఒకటి రెండుసార్లు కల్వి తొలైక్కాట్చి తమిళ పాఠం పెట్టడం మంచి ఉపయోగమే.

హైస్కూలైతే, వాడతామనే టీచర్లుంటే సైన్సు గదికి ఒక టచ్ ప్యానెల్. లేకపోతే టీవీ పెట్టి ఒక ఏడాది చూడండి. టీవీని రోజూ వాడిన టీచరే ప్యానెల్‌కు అర్హులు.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఇంగ్లీషు మీడియంలోనో, తమిళ మీడియంలోనో చదివే పిల్లలు ఎక్కువగా ఉన్న బడైతే వస్తువుకన్నా పుస్తకం ముందు చూడండి. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా ఉన్నాయి, పీడీఎఫ్‌లు ఉచితం. సిలబస్ వేరైనా, ఇంగ్లీషులో అర్థంకాని లెక్కల పాఠాన్ని ఇంట్లో అమ్మ తెలుగులో చదివి చెప్పడానికి అవి పనికొస్తాయి. కొన్ని పాఠాలు ప్రింటు తీయించి ఇవ్వడానికి ట్యాబ్ ఖర్చులో చిన్న భాగం చాలు.

దాతలకు ఒక మాట. పెద్ద మొత్తమైతే ప్రభుత్వ బడులకు విరాళాలు తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మొదలుపెట్టిన "నమ్మ స్కూల్ నమ్మ ఊరు పళ్ళి" పథకం ద్వారా ఇవ్వొచ్చు, లేదా హెచ్.ఎం. ద్వారా కార్పొరేషన్ విద్యాశాఖ అనుమతి తీసుకుని నేరుగా ఇవ్వొచ్చు. ఎలా ఇచ్చినా స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించండి, ఎక్కని వస్తువుకు రిపేరు నిధి అడగడం బడికి కష్టమవుతుంది. చేతిలో లక్ష ఉంటే అరవై డెబ్బై వేలకు మించి వస్తువుకు పెట్టకండి. మిగతాది కేబుళ్ళు, యూపీఎస్, తలుపుకు గ్రిల్లు, మొదటి రెండేళ్ళ రిపేర్లు, టీచర్ల శిక్షణకు ఉంచండి.

## ప్రణాళికలో ఎలా రాయాలి

బడి అభివృద్ధి ప్రణాళిక మూడేళ్ళకు వేసేది. మొదటి ఏడు ఒకే గది, ఇద్దరు టీచర్లు, మూడు పాఠాలు. "స్మార్ట్ తరగతి ఏర్పాటు" అని రాస్తే ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. "అయిదో తరగతి భిన్నాల పాఠానికి వారానికి మూడు పీరియడ్‌లు తెర వాడాలి, బాధ్యత ఫలానా టీచరు, తాళం ఫలానా వారి దగ్గర" అని రాయండి. బడి జూన్‌లో తెరిచేలోపు సామాను బిగింపు, టీచర్ల అలవాటు రెండూ అయిపోవాలి. తెర పక్కన ఒక నోట్‌బుక్ వేలాడదీసి, వాడిన ప్రతిసారీ తేదీ, తరగతి, పాఠం ఒక్క వరుసలో రాయించండి.

సెప్టెంబరు క్వార్టర్లీ పరీక్షలయ్యాక కమిటీ సమావేశంలో ఆ నోట్‌బుక్, ఆ తరగతి మార్కుల పట్టిక పక్కపక్కన పెట్టి చూడండి. వరుసలు నిండి, మార్కులు కదలకపోతే వాడే తీరు గురించి టీచరుతో మాట్లాడాలి. వరుసలే లేకపోతే కారణం అడిగి, తెరను అదే నెలలో అడిగే టీచరు గదికి మార్చి, ఆ మార్పును మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు తీసుకోండి. రెండో గది కొనుగోలు సంగతి దాని తర్వాతే చర్చకు రావాలి.